ఒకటో నంబర్ స్లైడ్

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో రామ్‌కిషన్ సార్ ల్యాబ్ ఎక్కడని అడిగితే, ఈమధ్య జనం "ఏ రామ్‌కిషన్? వేళ్లు గుచ్చేటాయనా?" అని ఎదురు అడుగుతున్నారు. నెత్తురు పరీక్షకు వచ్చిన ఆడపిల్ల ఎవరైనా సరే, డాక్టరు చీటీలో రాసినా రాయకపోయినా, ఉంగరపు వేలు గుచ్చి ఒక చుక్క గాజు స్లైడ్ మీద పాముతాడు. "జ్వరానికని తెస్తే వేలెందుకు పొడుస్తవయ్యా?" అని తల్లులు తగువు పెట్టుకుంటారు. ఆయన దూదితో ఆ వేలు నొక్కిపట్టి, గోడ గడియారం చూస్తూ నిలబడతాడు. నెత్తురు ఆగేదాకా వేలు వదలడు.

నా పేరు రమ్య. మాది చిరాగ్‌పల్లి. ఏడేళ్లుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటూ, తిట్లు తింటూ ఉన్నాను. ఆయనకు పిచ్చి పట్టిందని మా సందులో మందుల షాపుల వాళ్లంతా తేల్చేశారు. పిచ్చి కాదు. ఏం జరిగిందో మొదటి నుంచీ దగ్గరుండి చూసినదాన్ని నేనే. ఆయనంటే నాకు ఎంత గౌరవమో అంత కోపం. ఆ కోపంలో కొంత నామీద నాకున్నది. అన్నీ కలిపే రాస్తున్నాను.

సార్‌కు నలభై దాటాయి. ఊరు ఝరాసంగం దాటాక వచ్చే చిన్న పల్లె. వానొస్తే జొన్న, కంది పండుతాయి, రాకపోతే అవీ లేవు. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, సంగారెడ్డిలో ఒక పెద్ద వయసు డాక్టరు దగ్గర పన్నెండేళ్లు పనిచేశాడు. ఆ డాక్టరుకు మిషన్ల మీద నమ్మకం లేదట. ప్రతి రోగి నెత్తురూ మైక్రోస్కోప్ కింద కంటితో చూడాల్సిందే. సార్ చెయ్యి అక్కడ తయారైంది.

ఆ చెయ్యి గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టే కాదు. వేలు గుచ్చాక మొదటి చుక్క తుడిచేయాలి. రెండో చుక్కను స్లైడ్ కొసన తాకించాలి. ఇంకో స్లైడ్ అంచును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపున ముందుకు తోస్తే, నెత్తురు నాలుక ఆకారంలో పలచగా పరుచుకుంటుంది. ఇందులో ఆలస్యమైతే నెత్తురులోని ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కడతాయి. వాటి పనే అది. ఎక్కడ నరం తెగితే అక్కడికి గుంపుగా చేరి, కన్నం పూడ్చడానికే అవి ఉన్నాయి. కానీ ముద్ద కడితే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేం. అందుకని ముద్దలున్న స్లైడ్ మా సార్ దృష్టిలో చెత్త స్లైడ్. "ఇది స్లైడా, ఉప్మానా?" అని బుట్టలో పడేసేవాడు. చేరిన కొత్తలో నేను ఆ బుట్ట నిండా ఉప్మా వండాను.

"చెయ్యి తేజ్ ఉండాలె పిల్లా. అవి ఒకదాన్నొకటి పట్టుకునేలోపే నువ్వు తోసెయ్యాలె," అనేవాడు. తర్వాత బల్ల సొరుగులోంచి చిన్న చెక్కపెట్టె తీసేవాడు. అందులో మొదటి గదిలో ఉండేది ఒకటో నంబర్ స్లైడ్. గాజు మీద సన్నగా 1 అని గీసి ఉంటుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ మొదటి రోజే దాన్ని చూపించేవాడు. నాకూ చూపించాడు. నిజం చెప్పాలంటే అంత శుభ్రమైన స్లైడ్ నేను మళ్లీ చూడలేదు. ఎర్రకణాల మధ్య ఊదారంగు చుక్కల్లా ప్లేట్‌లెట్లు ఒక్కొక్కటే, విడివిడిగా, వెతికినా ఒక్క ముద్ద లేకుండా ఉన్నాయి.

"చూసినవా? వేలి నెత్తురు. ఏ మందూ కలపలె. నా మేనకోడలిది, దానికి అయిదేండ్లప్పుడు తీసిన. ఆ దినం నా చెయ్యి గట్ల కుదిరింది," అని మీసం సవరించుకునేవాడు. తన చేతికి తనే దండం పెట్టుకునే మనిషని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఆ మేనకోడలి పేరు సహస్ర.

సార్‌కు పిల్లలు లేరు. అక్క మహాదేవమ్మ కూతుళ్లు సహస్ర, నందిని ఇద్దరే ఆయన ప్రాణం. మహాదేవమ్మను సొంత మేనమామ సిద్దప్పకే ఇచ్చి చేశారు. సార్ వాళ్లమ్మ అనంతమ్మకు సిద్దప్ప తమ్ముడూ అవుతాడు, అల్లుడూ అవుతాడు. సహస్రకు అమ్మమ్మా ఆమే, మేనత్తా ఆమే. మా వైపు ఇందులో వింతేమీ లేదు. భూమి చీలదని, పిల్ల కళ్లముందే ఉంటుందని పెద్దవాళ్లు చేస్తారు. ఇలాంటి పెళ్లిళ్లలో దాగున్న జబ్బులు పిల్లల్లో బయటపడతాయని మా కోర్సులో ఒక పాఠం ఉండేది. పరీక్షలో నేను ఆ ప్రశ్నకు పదికి తొమ్మిది తెచ్చుకున్నాను. ఏ ఇంటినీ తలుచుకుని మాత్రం రాయలేదు.

సహస్రకు చిన్నప్పటి నుంచి ముక్కులోంచి నెత్తురు కారేది. పాలపళ్లు ఊడినప్పుడు దిండు తడిసేది. కాళ్ల మీద ఎప్పుడూ కమిలిన మచ్చలు. ఇంట్లో "వేడి ఒళ్లు" అని పేరు పెట్టి సబ్జా నీళ్లు, మజ్జిగ తాగించేవాళ్లు. మొదటిసారి ముక్కు కారినప్పుడే సార్ వేలు గుచ్చి చూశాడు. ఆ చూసిందే ఒకటో నంబర్ స్లైడ్. ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయి, స్లైడ్ అద్దంలా వచ్చింది, అంతకన్నా ఏం కావాలి?

తర్వాత ల్యాబ్‌లోకి కణాలు లెక్కపెట్టే మిషన్ వచ్చింది. ఊదా మూత ట్యూబులో గడ్డకట్టకుండా మందు ఉంటుంది, నెత్తురు అందులో తీసి అందిస్తే నిమిషంలో కాగితం బయటికొస్తుంది. వేలి స్లైడ్‌లు మలేరియాకు తప్ప తీయడం తగ్గింది, కొత్తవాళ్లకు నేర్పడం మాత్రం సార్ మానలేదు. ఆ మధ్యే డెంగ్యూ గట్టిగా వచ్చిపోయింది. అప్పటి నుంచి మా జనానికి ప్లేట్‌లెట్లు అంటే ఒక అంకె. లక్ష దాటితే బతికినట్టు, ఇరవై వేలకు పడితే పోయినట్టు. బొప్పాయి ఆకు రసం తాగించి, కివీ పండ్లు తినిపించి, పొద్దున సాయంత్రం "ఎన్నున్నయి?" అని ల్యాబ్ ముందు నిలబడేవాళ్లు. అక్షరం రానివాళ్లు కూడా ఆ అంకె చదవడం నేర్చారు. నేర్పిన మా సార్ కూడా చివరికి ఆ అంకెనే నమ్మాడు. సహస్రకు మిషన్ మీద రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ మూడు లక్షలకు అటూ ఇటూ.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. వాళ్లింట్లో అది తిరగబడింది. పెరటి చెట్టు చెప్పిందే వేదం. "మా తమ్ముడు చూసిండు, కౌంట్ ఫుల్ ఉన్నది," అని మహాదేవమ్మ ఊళ్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేది.

రెండేళ్ల కింద, చలి తగ్గుతున్న రోజుల్లో, సహస్ర పెద్దమనిషి అయింది. దానికి పదమూడేళ్లు. వాళ్ల ఇంటి పద్ధతి ప్రకారం పదకొండో రోజు ఫంక్షన్. అప్పటిదాకా పిల్లను ఒక మూల చాప మీద కూర్చోబెడతారు. పక్కన రోకలి, వేరే కంచం, వేరే చెంబు. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి కుడుకలు పెడతారు. మగవాళ్లు మొహం చూడకూడదు. మేనమామ అసలే చూడకూడదు, పదకొండో రోజు చీర పెట్టేది ఆయనే కాబట్టి ఆ రోజే చూడాలి. సార్ చిలకపచ్చ పట్టుచీర తెచ్చాడు, ఎర్ర అంచుది. ల్యాబ్‌లో మాకు మూడుసార్లు విప్పి చూపించాడు, మూడుసార్లూ మడత పాడుచేశాడు.

అయిదో రోజు పొద్దున మహాదేవమ్మ ఫోన్ చేసింది. సార్ చేతులకు తొడుగులు ఉండడంతో నేనే స్పీకర్ పెట్టాను.

"తమ్మీ, పిల్లకు ఆగుతలేదురా. బట్ట మీద బట్ట తడుస్తనే ఉన్నది. లేస్తే కండ్లు తిరుగుతున్నయంటది."

వెనక నుంచి అనంతమ్మ గొంతు వినిపించింది. "మొదటిసారి గట్లనే పోతది. ఒంట్ల వేడంత పోవాలె. మేము కూసోలేదా?"

సార్ తొడుగులు తీశాడు. తర్వాత, "ఫికర్ చెయ్యకు అక్కా. నేనైతే రావద్దు గద, రమ్యను పంపుత. నెత్తురు తీస్కొస్తది, చూద్దాం," అన్నాడు.

షేర్ ఆటోలో వాళ్ల ఊరికి వెళ్లాను. నడింట్లో మూలన సహస్ర మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, తల వాటి మీద ఆనించి కూర్చుని ఉంది. పసుపు రాసిన మొహంలో పెదాలు తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి నవ్వింది. "ఒక్కపారే గుచ్చు అక్కా," అంది. చేతిలోంచి నెత్తురు తీసి, సూది లాగి, దూది పెట్టి నొక్కాను. మామూలుగా రెండు నిమిషాల్లో ఆగుతుంది. అయిదు నిమిషాలకు తీసి చూస్తే మళ్లీ ఊరింది. పదికీ ఊరింది. ఇరవై నిమిషాలు ఆ చెయ్యి నొక్కిపట్టుకుని చాప పక్కన కూర్చున్నాను. దాని చెల్లెలు నందిని, ఎనిమిదేళ్లది, గడప అవతల నుంచి మమ్మల్ని చూస్తూ ఉంది.

"ఇంకెన్ని దినాలు గిట్ల కూసోవాలక్కా?" అని అడిగింది సహస్ర.

"ఆరే," అన్నాను.

మిషన్ కాగితం ఇచ్చింది. నెత్తురు శాతం ఎనిమిది, ఉండాల్సింది పన్నెండు. ప్లేట్‌లెట్లు రెండు లక్షల ఎనభై ఏడు వేలు. ఇరవై నిమిషాల సంగతి సార్‌కు చెప్పాను. "బ్లీడింగ్ టైమ్ ఒకటి చూద్దామా సార్?" అన్నాను. చిన్న గాటు పెట్టి, నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో గడియారం చూసే పాత పరీక్ష అది.

"ఎందుకు? కౌంట్ ఫుల్ ఉండె గద. పోరి ఇప్పటికే సూదికి బెదిరింది. నెత్తురు జర తక్కువున్నది, టానిక్ పంపుదం. పదకొండో దినం అయినంక సంగారెడ్డి తీస్కపోదం."

నేను రెండో మాట అనలేదు. ఆయన నా గురువు, కాగితం మీద అంకె కళ్లముందు ఉంది, నాకూ మనసు తేలికపడింది. ఆ తేలికపడడం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది. సార్ ఫోన్ తీసి, "కౌంట్ ఫుల్ ఉన్నదక్కా, కూసోనియ్యి," అని చెప్పాడు. ఆ మాట మీద ఆ పిల్ల ఇంకో నాలుగు రోజులు అదే చాప మీద కూర్చుంది.

తొమ్మిదో రోజు పొద్దున స్నానానికి లేపబోతే లేవలేదు. సిద్దప్ప భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు. సార్ బస్టాండు దగ్గర ఎదురుపోయి ఎక్కాడు. పదకొండో రోజుకు ముందే మేనకోడలి మొహం చూశాడు. సంగారెడ్డి దవాఖానలో నెత్తురు శాతం మూడుకు లోపే ఉందని, ఒక సీసా ఎక్కించి హైదరాబాద్ పంపేశారు. అక్కడ పెద్ద దవాఖానలో దుర్గాప్రసాద్ అనే నెత్తురు జబ్బుల డాక్టరు ముందు పరీక్షకు నమూనా తీసి, తర్వాత ఎవరెవరో ఇచ్చిన ప్లేట్‌లెట్లు ఎక్కించాడు. తొమ్మిది రోజులు ఆగని నెత్తురు మూడు గంటల్లో ఆగింది. కానీ అప్పటికే కిడ్నీలు, గుండె పనికి రాకుండా పోయాయి. పదకొండో రోజు తెల్లవారాక చనిపోయింది. చిలకపచ్చ చీర కప్పే సాగనంపారు. మేనమామ పెట్టాల్సిన చీర మేనమామే కప్పాడు.

పరీక్ష ఫలితం వచ్చిందని వారానికి డాక్టరు కబురు పెట్టాడు. సిద్దప్ప రానన్నాడు. పిల్లే పోయాక కాగితం ఎందుకన్నాడు. సార్ నన్ను తోడు తీసుకెళ్లాడు. "నా చెవులు పనిచేస్తలేవు రమ్యా. నువ్వు ఇను," అన్నాడు.

దుర్గాప్రసాద్ గారిది రాజమండ్రి వైపు. మెత్తగా మాట్లాడతాడు. "మీరు ల్యాబ్ మనిషి కాబట్టి విడమరిచి చెబుతాను రామ్‌కిషన్ గారూ," అని మొదలుపెట్టాడు. "ప్లేట్‌లెట్ ఒంటి మీద ఒక ప్రోటీన్ ఉంటుందండీ. ఒక్కోదాని మీద ఎనభై వేల దాకా ఉంటాయి. పక్కదాన్ని పట్టుకోవడానికి అవే చేతులు. కానీ ఆ చేతులు ఎప్పుడూ చాచి ఉండవు." అంటూ కుర్చీలోంచి లేచి, మా ముందే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెడలో టై. మోకాళ్లు దగ్గరికి ముడిచి, తల వాటి మీదికి వంచాడు. "మామూలప్పుడు ఆ ప్రోటీన్ ఇలా ఉంటుంది. రెండు కాళ్లూ కలిపి, నడుం దగ్గర వంగి, తల కిందికి పెట్టుకుని. ఇలా ఉన్నంతసేపూ దేన్నీ పట్టుకోలేదు. పట్టుకోకూడదు కూడా, పట్టుకుంటే పారే నెత్తురు పారుతుండగానే గడ్డకడుతుంది."

తల ఎత్తకుండానే చెప్పుకుపోయాడు. "ఎక్కడో నరం తెగిందనుకోండి. ఆ కబురు ప్లేట్‌లెట్ లోపలికి చేరుతుంది. లోపలుండే ఇంకో ప్రోటీన్ వచ్చి దీని పాదాలు పట్టుకుంటుంది. కలిసున్న కాళ్లు విడిపోతాయి. అప్పుడు లేస్తుంది." మోకాలి మీద చెయ్యి ఊని, కష్టపడి నిలబడి, తల ఎత్తి చేతులు బార్లా చాపాడు. "రూపమే మారిపోతుంది చూశారా? నిటారుగా నిలబడి, పైన తెరుచుకుంటుంది. నెత్తురులో దారం లాంటి ఒక పదార్థం తిరుగుతూ ఉంటుంది. దాని ఈ కొస ఇది పట్టుకుంటుంది, ఆ కొస పక్క ప్లేట్‌లెట్ పట్టుకుంటుంది. అలా ఒకదాన్నొకటి పట్టుకుంటేనే ముద్ద కట్టి నెత్తురు ఆగేది."

"మా పిల్లకు ఆ ప్రోటీన్ లేకుండెనా సార్?" అని సార్ అడిగాడు.

"ఈ జబ్బులో చాలామందికి ఉండదు. మీ అమ్మాయికి ఉంది, నిండుగా ఉంది. రెండు రకాల రంగు మందులు వేసి చూశాం. ఒకటి ఆ ప్రోటీన్ ఏ రూపంలో ఉన్నా అంటుకునేది. అది బాగా అంటుకుంది. రెండోది ప్రోటీన్ లేచి తెరుచుకుంటేనే అంటుకునేది. అది అస్సలు అంటుకోలేదు. ఎంత లేపినా లేవలేదండీ. అన్నీ ఉన్నాయి, కూర్చునే ఉన్నాయి."

నాకు చాప మీద ముడుచుకుని కూర్చున్న సహస్ర కనిపించింది. సార్ ఇందాక డాక్టరు గొంతుక్కూర్చున్న చోటునే చూస్తున్నాడు.

"కౌంట్ మూడు లక్షలు ఉండె సార్."

"మిషన్ తలలు లెక్కపెడుతుంది. చేతులు చాస్తాయా లేదా అని అది చూడదు."

"అయిదో దినమే తెస్తే?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టు నాకు అనిపించింది. "బతికేదండీ," అన్నాడు. "ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆగేది. తర్వాత మందులతో లాక్కురావచ్చు. ఈ జబ్బుతో చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు నా దగ్గరికే వస్తుంటారు."

తర్వాత డాక్టరే నందిని మాట ఎత్తాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ కలిస్తేనే ఈ జబ్బు వస్తుందట. ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు భయం. "ఆ పాపను తీసుకురండి. ఈలోపు మీ ల్యాబ్‌లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మీకు తెలియనిది కాదు. వేలు గుచ్చి, మందు కలపని నెత్తురు నేరుగా స్లైడ్ మీద పామండి. మామూలు పిల్లలకు ప్లేట్‌లెట్లు ముద్దలు ముద్దలుగా కనిపిస్తాయి. ఈ జబ్బుంటే ఎక్కడా ముద్ద ఉండదు. ఒక్కొక్కటే విడివిడిగా ఉంటాయి. చాలా శుభ్రంగా ఉంటుంది స్లైడ్."

నేను సార్ వైపు చూశాను. ఆయన కుడిచేతిని తొడ కిందికి దాచుకున్నాడు. జహీరాబాద్‌లో బస్సు దిగేదాకా అది బయటికి తీయలేదు.

ల్యాబ్ షట్టర్ తీసి, లైటు కూడా వేయకుండా సొరుగులోంచి పెట్టె తీశాడు. ఒకటో నంబర్ స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టాడు. చూసి, పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. నేనూ చూశాను. అవే ఎర్రకణాలు, అవే ఊదా చుక్కలు, ఎవరికి వారు. అప్పటిదాకా అయిదేళ్లలో నేను ఎన్నిసార్లు చూసి మెచ్చుకున్నానో లెక్కలేదు. మా సార్ శిష్యులు పదకొండు మందిమి ఆ స్లైడ్ మీదే పని నేర్చాం.

"నా చెయ్యి గాదు," అన్నాడు సార్. "ఇన్నేండ్లు నా చెయ్యి అనుకున్న. ఆ దినం వేలు గుచ్చినంక గంట దాంక నెత్తురు ఆగలె రమ్యా. చాక్లెట్ ఇచ్చి ఈ బల్ల మీదనే కూసోబెట్టిన. స్లైడ్ బాగొచ్చిందన్న కుషీల అది యాదే లేదు నాకు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నేను ఆ రోజు చూశాను. కానీ ఇంకో పిల్ల ఉంది, పట్టుకోక తప్పదు. సార్ రోజూ అక్కకు ఫోన్ చేశాడు. ఆమె రెండు నెలలు తీయలేదు. తీసినరోజు "నా బిడ్డకు ఇంక సూదులొద్దు," అని పెట్టేసింది. నందినికి తొమ్మిదో ఏడు వచ్చింది. అది పెద్దమనిషి అయ్యేలోపు తేలాలి. సార్ తిండి సగమైంది. పనిలో ఉండి ఉండి చెయ్యి చూసుకునేవాడు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం మహాదేవమ్మ నందినిని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. తమ్ముడి వైపు చూడకుండా నాతో చెప్పింది. "పొద్దున పిల్లకు పన్ను ఊడింది. నాకు కాళ్లు చేతులు ఆడలె. చూడుర్రి, ఏం చూస్తరో."

"ఊడినంక నెత్తురు ఆగిందా అక్కా?" అని సార్ ఆత్రంగా అడిగాడు.

"ఆగిందో లేదో నేను చూడలె. కండ్లు మూసుకున్న."

సార్ సూది చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి తన చెయ్యి చూసుకున్నాడు. నాకిచ్చేశాడు. "నువ్వు చెయ్యి రమ్యా. తొందర పడకు. నిదానంగ తొయ్యి." ఆయన నోట నిదానం అన్న మాట వినడం నాకు అదే మొదటిసారి. చెయ్యి మరీ వేగంగా ఆడితే మామూలు పిల్ల స్లైడ్ కూడా శుభ్రంగా వచ్చి మమ్మల్ని మోసం చేయొచ్చు. అలా ఇంకోసారి మోసపోయే ఓపిక ఎవరికీ లేదు.

వేలు గుచ్చాను. మొదటి చుక్క తుడిచాను. రెండోదాన్ని స్లైడ్ మీద తాకించి, మనసులో అయిదు లెక్కపెట్టి తోశాను. సార్ నందిని వేలు దూదితో నొక్కిపట్టుకున్నాడు. స్లైడ్ ఆరాలి, రంగు పోయాలి, పది నిమిషాలు ఆగాలి, కడగాలి, మళ్లీ ఆరాలి. మహాదేవమ్మ బెంచీ మీద కళ్లు మూసుకునే కూర్చుంది. స్లైడ్ మైక్రోస్కోప్ కింద పెట్టాక సార్ ముందుకు రాలేదు. గోడవైపు తిరిగి, "చెప్పు," అన్నాడు.

కన్ను ఆనించాను. ఒక మూల ముద్ద. పక్కకు జరిపాను. ఇంకోటి, దానికన్నా పెద్దది, ఇరవై ముప్పై కలిసి అంటుకుపోయినది. ఇంకా జరిపాను. ఎటు చూసినా ముద్దలే.

"ఉప్మా సార్!" అని అరిచాను. "మొత్తం ఉప్మానే!"

ఆయన వచ్చి చూశాడు. చూస్తూ చూస్తూనే కింద కూలబడి ఏడ్చాడు. "గింత చెత్త స్లైడ్ నా జన్మల చూడలె," అన్నాడు. నందిని బెదిరిపోయి, "మామా, నా నెత్తురు మంచిగ లేదా?" అంది. "మంచిగున్నది బిడ్డా. మస్తు మంచిగున్నది," అని దాని చెయ్యి పట్టుకున్నాడు. దూది తీసి చూస్తే నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది. తర్వాత హైదరాబాద్ పరీక్షలోనూ అదే తేలింది.

ఏమిటని మహాదేవమ్మ నన్ను అడిగింది. ముద్దలు కనిపిస్తే జబ్బు లేనట్టని, విడివిడిగా ఉంటే ఉన్నట్టని చెప్పి, మైక్రోస్కోప్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. చిన్నకూతురు బతుకుతుందని అర్థమయ్యాక ఆమె మొహం ఒక్కసారి విచ్చుకుంది. మరుక్షణం ఇంకేదో అర్థమైనట్టు తమ్ముడి వైపు తిరిగింది. ఆ మూడు నెలల్లో ఆయన మొహం చూడడం అదే మొదలు.

"గింత అల్కగ తెలుస్తదా? ఒక్క చుక్కల?" అంది. "మరి సహస్రది ఒక్కనాడన్న గిట్ల చూడకపోతివా తమ్మీ?"

అప్పట్లో ఎవరికీ తెలియదక్కా అని ఒక అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. సార్ నాకు అవకాశం ఇవ్వలేదు.

"చూసిన అక్కా," అన్నాడు. "ఎనిమిదేండ్లు చూసిన. అందరికీ చూపెట్టిన."

లేచి సొరుగు తీసి, పెట్టెలోంచి ఒకటో నంబర్ స్లైడ్ తెచ్చి అక్క అరచేతిలో పెట్టాడు. అది సహస్ర అయిదేళ్లప్పటి నెత్తురని చెప్పాడు. ఆమె వెలుతురుకు ఎత్తి చూసింది. కంటికి ఏం కనిపిస్తుంది, గాజు మీద కాస్త మరక తప్ప. దాన్ని కొంగు చివర ముడేసుకుంది. నందిని చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. తమ్ముడి గడప మళ్లీ తొక్కలేదు.